అన్నం ఉడికేదాకా ఆగిన నీళ్లు

మా తమ్ముడు రాజేందర్ ఫోన్ చేసి, "అక్కా, కాల్వ మూసేస్తున్న. చూడాలనుకుంటే ఒకపారి వచ్చి చూసి పో" అన్నాడు. చుట్టాల్లో ఎవరో ఆస్పత్రిలో ఉన్నప్పుడు వాడే గొంతు అది. మేస్త్రి పొద్దున్నే పనిలోకి దిగాడని, టైల్స్ ఇప్పటికే వచ్చాయని, రంగు వాళ్ల ఆవిడ ఎంపిక చేసిందని కూడా చెప్పాడు. రంగు సంగతి చెప్పాడంటే నిర్ణయం అయిపోయిందని అర్థం. నేను డిగ్రీ కాలేజీలో ఆడపిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన మనిషిని. కొండలు, వాలులు, నదులు అన్నిటినీ బోర్డు మీద చాక్‌పీసుతో పారించినదాన్ని. ఇప్పుడు మూడో అంతస్తులో ఉంటాను. నా ఇంటికి నీళ్లు నల్లా దారిన తప్ప రావు, ఆ దారినైనా రోజు విడిచి రోజే వస్తాయి. అయినా కాల్వ మూస్తారంటే చీర మార్చుకుని ఆటో ఎక్కాను. మూసేది మా ఇంటి మధ్యలోంచి పారే కాల్వను. దానితో నాకున్న పరిచయం మా ఆయనతో ఉన్నదానికంటే పాతది.

లాల్‌దర్వాజాలో మా గల్లీ పైనుంచి కిందికి వస్తుంది. ఏ గల్లీ అయినా అంతే కదా అనుకోవచ్చు. ఎగువన ఉండేవాళ్లు అలాగే అనుకుంటారు. గల్లీ ఎడమకు మళ్లే మూలలో, వచ్చేదానికి సరిగ్గా ఎదురుగా నిలబడ్డ ఇల్లు మాది. ముందు గది బెల్లం, చింతపండు దుకాణం. దాని వెనక ఆకాశం కనిపించే వాకిలి, తర్వాత వంటిల్లు, ఆ తర్వాత వెనక తలుపు, తలుపు అవతల ఊరి నీళ్లన్నీ పోయే నాలా. మా తాత ఈ ఇల్లు కొనడానికి రెండు కారణాలు చెప్పేవారట. ఒకటి, బెల్లం బండిని గల్లీ మొదట్లో వదిలితే దానంతట అదే దుకాణం ముందుకు వచ్చి ఆగుతుంది. రెండు, స్థలం ఈశాన్యానికి పల్లం, పల్లంలో నీళ్లు నిలిచినట్టు లక్ష్మి నిలుస్తుందని సిద్ధాంతి చెప్పాడు. వీధిపోటు ఉంది కదా అని ఎవరో అడిగితే, పల్లం మంచిది, పోటు చెడ్డది, రెండూ కలిస్తే సమానం అన్నాడట ఆయన. తాత ఇల్లు కొన్నది ఎండాకాలంలో. బండి దానంతట అదే దిగి వచ్చే చోటికి ఇంకేమేమి దిగి వస్తాయో ఆలోచించలేదు. బెల్లం వ్యాపారం చేస్తూ వానాకాలాన్ని మరిచిపోవడం మా వంశంలో చెప్పుకోదగ్గ సాహసాల్లో మొదటిది.

మొదటి పెద్దవానకు లక్ష్మి రాలేదు గానీ పోలికకు తెచ్చిన నీళ్లు మాత్రం వచ్చాయి. గడప ముందు మట్టికట్ట వేయిద్దామన్నారు తాత. మా బాపమ్మ, అంటే నాన్నకు తల్లి, అప్పటికి కొత్తకోడలి వయసు దాటిందో లేదో, వద్దంది. ఆమె ఆ రోజు అన్న మాటను మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు: "వచ్చినోళ్లను గడపల నిలవెడ్తె లొల్లి. లోపలికి పిలిచి, కూసోమనకుండ, ఎనక దర్వాజ సూపియ్యాలె." అట్లా గడప పక్క గోడకు తూము పడింది. తూము నుంచి దుకాణం పక్కగా, వాకిలి మధ్యగా, వంటింటి అరుగు కిందుగా వెనక తలుపు దాకా షాబాదు బండలతో కాల్వ పడింది. ఎండాకాలంలో దాంట్లో మట్టికుండలు పెట్టేవాళ్లు, మేం చెప్పులు దాచేవాళ్లం, తమ్ముడికి స్నానం పోసేవాళ్లు. వానాకాలంలో మాత్రం అది గల్లీ సొత్తు. ఎగువన ఉన్న ఇళ్లన్నిటి నీళ్లు మా ఇంట్లోంచి నడిచి నాలాలోకి పోయేవి. ఎవరింటికైనా వెళ్తే మనల్ని ముందు గదిలో కూర్చోబెడతారు. నీళ్లను మాత్రం మేం వంటింటి దాకా రానిచ్చేవాళ్లం.

వానరోజు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆకాశం నల్లబడగానే బాపమ్మ మిద్దె ఎక్కి దక్షిణానికి తిరిగి నిలబడేది. ఫలక్‌నుమా వైపు గుట్టలు కనిపించినంతసేపూ ఆమెకు తొందర లేదు. వాన తెర దిగి గుట్ట కనిపించకుండా పోగానే పైనుంచే కేకేసేది: "గుట్ట మాయమైంది! ఎసరు వెట్టుండ్రి!" అమ్మ బొగ్గుల కుంపటి మీద బియ్యం పెట్టేది. అన్నం ఉడికి, గంజి వార్చేసరికి గుట్ట మీది నీళ్లు మా గడపకు వచ్చేవి. ఆ మధ్య సమయంలో దుకాణంలో నేలమీదున్న బెల్లం అంతా అటక ఎక్కాలి. బాపు, అంటే మా నాన్న, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకని ఎగువ ఇళ్లవాళ్లు దిగి వచ్చేవాళ్లు. గల్లీలో మాకు పై ఇంట్లో ఉండే నసీం వాళ్లమ్మ, ఆ పైన రైల్వేలో పనిచేసే జోసెఫ్ గారి ఇంటి పిల్లలు, ఆ పైన కుట్టుమిషన్ ఆయన, అందరూ వరసగా నిలబడి బెల్లం దిమ్మల్ని చేతి నుంచి చేతికి అందించేవాళ్లు. తడిసిన గోనెపట్టా వాసన, పాతబెల్లం పులుపు వాసన, చింతపండు, బొగ్గుపొగ, వీటన్నిటి మీదా ఉడుకుతున్న అన్నం వాసన. నాకు ఇప్పటికీ వాన వాసన అంటే మట్టివాసన కాదు, ఇదే. నా ఈడుదే అయిన నసీం, నేను వరస చివర ఉండేవాళ్లం. దిమ్మ మా దాకా వచ్చేసరికి దాని మూలలు కొద్దిగా అరిగి ఉండేవి. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. బాపమ్మ ఒక్కతే, "ఈ యేడు బెల్లం మస్తు జల్ది కరుగుతున్నది, వాన ఇంక రాకముందుకే" అనేది, ఎటో చూస్తూ.

నీళ్లు ఒకేసారి వచ్చేవి కావు. ముందు గల్లీ నీళ్లు, నల్లగా, ఉల్లిపొట్టుతో, ఎవరో పారేసిన అగ్గిపెట్టెతో. అవి ఇరుగుపొరుగు, తలుపు కొట్టకుండానే వచ్చేస్తాయి. తర్వాత ఎర్రనీళ్లు. గుట్టకు, గల్లీకి మధ్య సీతాఫలం చెట్లున్న మొరం నేల ఉండేది, వాటి రంగు అది. అన్నిటికంటే ఆఖరున, అన్నం తిని చేయి కడుక్కునే వేళకు, తేటనీళ్లు వచ్చేవి, ఒక్కోసారి వేలెడు చేపపిల్లతో సహా. అవి ఆ మొరం నేల పక్కనున్న కుంట నిండి, పొర్లి, తీరిగ్గా బయల్దేరినవి. ఒకే వాన, ఒకే ఆకాశం, కానీ మా గడపకు మూడు విడతల్లో వచ్చేది. చాలా ఏళ్ల తర్వాత దీన్నే క్లాసులో చెప్పాల్సి వచ్చింది. గుట్ట బండ నీళ్లు తాగదు, పడ్డవి పడ్డట్టే కిందికి తోస్తుంది. మొరం నేల తాగుతుంది, తాగినంత తాగి మిగిలింది వదులుతుంది. కుంట పక్కన కొంత నల్లరేగడి ఉండేది, అది మొదట నోరు తెరిచి గటగటా తాగి, ఆ తర్వాత మూసుకుని చుక్క కూడా ముట్టదు. కుంట తాగదు, తోయదు, కూర్చోబెట్టుకుంటుంది. మా చుట్టాల్లో ఈ నాలుగు రకాలూ ఉన్నారని చెబితే అమ్మాయిలు నవ్వి, ఇది పరీక్షలో వస్తుందా మేడమ్ అని అడిగేవాళ్లు. వస్తుంది అనేదాన్ని. ఎవరి పరీక్షలో అన్నది చెప్పేదాన్ని కాదు.

ఆషాఢంలో గల్లీకి ఇంకో పని పడేది. బోనాల ముందు ప్రతి ఇంటి ముందూ కడిగి పేడనీళ్ల సాంపి చల్లాలి. పైవాళ్లు ముందు కడగాలి, కిందివాళ్లు తర్వాత. లేకపోతే కిందివాళ్లు ఒకే వాకిలిని గల్లీలో ఎన్ని ఇళ్లున్నాయో అన్నిసార్లు కడగాల్సి వస్తుంది. మేం ఆఖరు. మా ముగ్గు పడేసరికి పైవాళ్లు భోజనాలు చేసి కునుకు తీసేవాళ్లు. గల్లీ మొదట్లో అమ్మవారికి నీళ్లలో కలిపి పోసిన సాక, వేపాకులతో, పసుపుతో, మెల్లగా నడుచుకుంటూ వచ్చి మా గడప దగ్గరే ఆగేది. "ఎంతమంది మొక్కినా ఆమె దిగేది మన కాడనే" అనేది బాపమ్మ. ఆమెకు పల్లంలో ఉన్నందుకు నామోషీ ఉండేది కాదు. అందరి నీళ్లూ తన ఇంటి మీదుగా పోవాలి కాబట్టి అందరి మీదా తనకు ఒక అధికారం ఉందని అనుకునేది. గల్లీలో ఎవరు చెత్త పారేసినా అది తన కాల్వలోకి వస్తుంది కనుక, ఎవరింట్లో ఏం కూర వండారో, ఎవరు వేరుపడ్డారో, ఎవరింట్లో కోడలు ఎక్కువ సబ్బు వాడుతుందో ఆమెకు తెలుసు.

నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడనుకుంటాను, ఒక ఆషాఢంలో ఆ పద్ధతి తప్పింది. బోనాల గిరాకీ కోసం బాపు దుకాణం నిండా బెల్లం దించాడు. మధ్యాహ్నం వాన. గుట్ట మాయమైందని బాపమ్మ కేకేసింది, అమ్మ బియ్యం పెట్టింది, ఎగువవాళ్లు ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నారు. ఎసరు మరిగిందో లేదో, నసీం గల్లీలోంచి అరిచింది: "పానీ ఆగయా! ఎర్రగ! మస్తు!" నల్లనీళ్లు లేవు, వరస లేదు, మొదటే ఎర్రనీళ్లు. తూము పట్టక గడప ఎక్కి దుకాణంలోకి దూకాయి. బాపు ఒక దిమ్మను గుండెకు పట్టుకుని నిలబడ్డాడు, ఆ ఒక్కటీ మిగిలింది. ఆ మధ్యాహ్నం మా కాల్వలో పానకం పారింది. నాలా అవతలి ఇళ్లలో ఆ వారమంతా చీమల బాధ అని తర్వాత తెలిసింది. నీళ్లు పోయాక బాపు బురదలో గోనెపట్టా మీద కూర్చుని, "ఈ ఇల్లు అమ్మేద్దాం అమ్మా. మాదన్నపేటల మెరక మీద దుకాణం ఉన్నది. ఈడ బతకలేం" అన్నాడు. బాపు అంత పొడుగు మాట మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు.

బాపమ్మ లేచింది. వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసి చూసింది. ఒక మెతుకు వేళ్ల మధ్య నలిపింది. "ఇంక పలుకే ఉన్నది. నీళ్లు ముందుగాల ఎట్లొచ్చినయ్?" ముందు అమ్మను అనుమానించింది, బొగ్గులు తక్కువ వేశావా అని. తర్వాత బియ్యాన్ని అనుమానించింది, పాతబియ్యమా అని. ఆ తర్వాత కుంపటిని. వాటిలో దేని తప్పూ లేదని తేలాక బాపుతో, "అమ్ముడు గిమ్ముడు తర్వాత. నా అన్నం టైం ఎవడు తిన్నడో చూసొస్త" అంది. మర్నాడు పొద్దున్నే గొడుగు పట్టుకుని బయల్దేరింది. నేను, నసీం వెంటపడ్డాం, బడి ఎగ్గొట్టడానికి అంతకంటే గౌరవమైన కారణం దొరకదు. నీళ్లు వచ్చిన దారినే, గోడల మీది ఎర్రమరక చూసుకుంటూ ఎగువకు నడిచాం. బాపమ్మ ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఊపిరి తీసుకుంటున్నానని ఒప్పుకోకుండా, నేల వైపు చూసేది. గల్లీలు దాటాక సీతాఫలం చెట్లు ఉండాలి. లేవు. మొరం నేలను గీకి చదును చేసి తెల్లరాళ్లు పాతారు. కుంట ఉండాల్సిన చోట కొత్తమట్టి, దానిమీద ఒక మంచం, మంచం మీద ఒక వాచ్‌మన్.

"ఎవరు గావాలె అమ్మా?" అన్నాడు అతను.

"కుంట గావాలె."

"కుంట లేదు. ప్లాట్ గావాల్నా?"

"నిన్న మొన్నటిదాంక ఈడ్నే ఉండె గద. ఏడవెట్టిన్రు?"

అతను మంచం కింద చూసినంత పని చేశాడు. "మీదా అమ్మా ఆ కుంట?"

"నాది గాదు. అండ్ల కూసునే నీళ్లు నాయి. ఆడ కూసోనియ్యకపోతే ఆటికి నా ఇల్లు తప్ప ఇంకో ఇల్లు తెల్వదు."

వాచ్‌మన్ మంచివాడు. మాకు చాయ్ తెప్పించాడు. బార్కస్ వైపు నుంచి బుట్టతో పోతున్న జామకాయలామెను పిలిచి తలా ఒకటి ఇప్పించాడు. ఆపైన తనకేం తెలియదని, సేటు వేరే ఉన్నాడని చెప్పాడు. బాపమ్మ జామకాయ పూర్తిగా తిని, గింజలు ఆ కొత్తమట్టి మీదే ఉమ్మి లేచింది. "సేటుకు చెప్పు. ఈడ ఇల్లు కట్టెటోళ్లకు గూడ చెప్పు. గుట్ట మాయమైతే ఇంటికొకరు లాల్‌దర్వాజా బెల్లం దుకాణానికి రావాలె. దిమ్మలు మొయ్యాలె. మీ నీళ్లు మా ఇంటికొస్తయ్, మీరు రాకపోతే ఎట్ల?"

ఆమె ఈ మాటను హాస్యానికి అనలేదు. ఒక్కొక్క ప్లాటులో ఒక్కొక్క ఇల్లు లేచినకొద్దీ, గృహప్రవేశం నాటికి ఒక బెల్లం ముక్క పట్టుకుని పిలవని పేరంటానికి వెళ్లేది. కొత్తవాళ్లు ఆమెను పురోహితుడి తాలూకు మనిషి అనుకుని కూర్చోబెట్టేవాళ్లు. బెల్లం చేతిలో పెట్టి, వానపడితే మీకు ఒక పని ఉంది అని చెప్పి వచ్చేది. కొందరు నవ్వారు. కొందరు తలుపేసుకున్నారు. కొందరు, ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు, నిజంగానే వచ్చారు. మరుసటి ఏడాది వానకు మా వరస గల్లీ దాటి పై మలుపు దాకా ఉంది. బాపు మళ్లీ ఇల్లు అమ్మే మాట ఎత్తలేదు. అమ్ముదామన్నా అంతమంది కూలీలు మెరక మీద దొరకరు. పరీవాహక ప్రాంతం అంటే ఏమిటో నేను పిల్లలకు పుస్తకంలో ఉన్నట్టే చెప్పేదాన్ని. మనసులో మాత్రం వేరే నిర్వచనం ఉండేది: ఎవరింటి ముందు పడ్డ వాన మా గడపకు వస్తుందో, వాళ్లంతా బెల్లం మోయాలి. ఆ హద్దు ఎక్కడ ముగుస్తుందో అక్కడ మన బంధుత్వం ముగుస్తుంది. బాపమ్మ కుంపటి దగ్గర కూడా మార్పు చేసింది. "ఇగ అన్నం గాదు, ఉప్మా. జల్ది అయితది" అంది. గుట్ట మాయమైతే ఉప్మా పెట్టేవాళ్లం. ఆమె పోయేనాటికి నీళ్లు ఉప్మా టైముకు వచ్చేవి.

ఇంత సంగతి ఉన్న కాల్వను రాజేందర్ మూస్తానన్నాడు. నేను వెళ్లేసరికి వాకిలి నిండా టైల్స్ డబ్బాలు, కాల్వ నిండా ఇసుక. ఇసుక పోయడానికి ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదట. యాదగిరి మేస్త్రి తాపీ పక్కన పెట్టి టిఫిన్ చేస్తున్నాడు. రాజేందర్ చెప్పినదాంట్లో తప్పు లేదు, అదే నాకు ఇబ్బందిగా ఉండింది. గల్లీకి సిమెంటు మీద సిమెంటు పోసి పోసి రోడ్డు ఎత్తయింది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లే దుకాణంలోకి ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లాలి. కిందటేడు నీళ్లు కాల్వను పట్టించుకోకుండా ఇల్లంతా తిరిగాయి, ఫ్రిజ్ పోయింది.

"నీకేందక్కా, మూడో అంతస్తు మీదికెల్లి చెప్తవ్" అన్నాడు. "ఊరందరి నీళ్లు మనింట్లకెల్లి ఎందుకు పోవాలె? మోరీలు లేవా?"

"మోరీల నీళ్లు పోతే ఫ్రిజ్ ఎందుకు పోయింది రా?"

"గందుకే మూస్తున్న. ఫ్లోరు లేపి, గడప లేపి, తూము బంద్. నీళ్లు మూల తిరిగి పోతయ్."

"మూల తిరగకపోతే?"

"తిరగకపోతే గవర్నమెంటు చూసుకుంటది."

ఇంతలో నసీం వచ్చింది. ఇప్పటికీ మా పై ఇల్లే ఆమెది. భర్త పోయాక కొడుకు కోడలితో అక్కడే ఉంటోంది. మోకాళ్లు నావి ఎంత అరిగాయో ఆమెవీ అంతే. చేతిలో గిన్నెతో తీపి, ఖుబానీ కా మీఠా తెచ్చింది, కానీ మొహం దానికి సరిపోయేట్టు లేదు. "ఏం రాజూ, తూము బంద్ జేస్తవట?" అంది. "బంద్ జెయ్. మల్ల నీళ్లు నా ఇంట్ల కూసుంటయ్. నేను కూసోమంటనో నక్కో అంటనో నువ్వే చెప్పు. నా ఇంటికి ఎనక దర్వాజ లేదు రే."

రాజేందర్ టైల్స్ డబ్బా వైపు చూశాడు. అందరికీ అన్నీ తెలుసు. అప్పుడే దక్షిణం నల్లబడింది. మిద్దె ఎక్కుదామంటే మెట్ల నిండా సిమెంటు బస్తాలు. ఎక్కినా గుట్ట కనిపించదు, మధ్యలో బిల్డింగులు లేచాయి. నసీం కొడుకు గుట్ట దగ్గర మొబైల్ షాపులో పనిచేస్తాడు, అతనే ఫోన్ చేశాడు, ఇక్కడ దంచుతోందని. ఇప్పటి మిద్దె ఆ ఫోనే. నేను వంటింట్లోకి పోయి గ్యాస్ వెలిగించి చాయ్ పెట్టాను. ఎందుకు పెడుతున్నానో రాజేందర్‌కు తెలుసు, కనుక వద్దనలేదు. పాలు అంచుల దగ్గర కదలడం మొదలైందో లేదో, ముందు తలుపు దగ్గర చప్పుడు. ఎర్రనీళ్లు కావు, నల్లనీళ్లు కావు, తేటవీ కావు. అన్నీ కలిసి ఒకే రంగు, సిమెంటు రంగు. పైనంతా ఒకే నేల అయిపోయింది, నీళ్లకు ఆగి రంగు తెచ్చుకునే చోటు లేదు.

తూము నోట్లో ఇసుక. నీళ్లు గోడకు కొట్టుకుని, మా తమ్ముడు చెప్పినట్టు మూల తిరగకుండా, వెనక్కి లేచాయి. నసీం గుమ్మం మా గుమ్మానికి ఎగువనే అయినా ఎత్తు ఎంతో లేదు. చూస్తుండగానే ఆమె మొదటి మెట్టు కనిపించకుండా పోయింది. లోపల కోడలు పసిపిల్లతో ఉంది. "అమ్మీ!" అని కేక వినిపించింది. నసీం గిన్నె టైల్స్ మీద పెట్టి పరుగెత్తింది, ఆ మోకాళ్లతో. నేను రాజేందర్ వైపు చూశాను. ఏమైనా అనాలని పెద్ద మాట ఒకటి సిద్ధం చేసుకుంటుండగానే వాడు లుంగీ ఎగ్గట్టి కాల్వలోకి దిగి చేతులతో ఇసుక తోడుతున్నాడు. "మేస్త్రీ, ఏం చూస్తున్నవ్! పార తీస్కరా! ఎనక దర్వాజ తెరువుండ్రి!" యాదగిరి మేస్త్రి తను పొద్దుటి నుంచి మోసిన ఇసుకను తనే తిట్టుకుంటూ ఎత్తిపోశాడు. గల్లీవాళ్లు వచ్చారు. బకెట్లు, తట్టలు, నా చేతిలో చాయ్ గిన్నె మూత. ఇసుక చేతి నుంచి చేతికి మారింది, ఒకప్పుడు బెల్లం మారినట్టే. ఒక తేడా ఉంది, ఎవరూ వేళ్లు నాకలేదు. తూము ఒక్కసారి గుటక వేసినట్టు చప్పుడు చేసింది. నీళ్లు వాకిలి దాటి, వంటింటి అరుగు కిందుగా, పాత దారిన నాలాలోకి పోయాయి. నసీం మెట్టు మళ్లీ కనిపించింది. మధ్యలో చాయ్ పొంగి గ్యాస్ ఆరిపోయిందని తర్వాత చూసుకున్నాం.

వాన తగ్గాక మేస్త్రి అరుగు మీద కూర్చుని, "సేట్, మరి టైల్స్ ఎక్కడిదాంక?" అని అడిగాడు. రాజేందర్ కాల్వ అంచున కూర్చుని కాళ్లకున్న ఇసుక కడుక్కుంటున్నాడు. "ఇటుపక్క లేపు, అటుపక్క లేపు. నడుమ కాల్వ ఇంక జెర లోతు తియ్" అన్నాడు. రెండో కాలు కడుక్కుంటూ, "తూము గూడ పెద్దగ జెయ్. గవర్నమెంటు వస్తదో రాదో" అన్నాడు. నసీం తన గిన్నె తెచ్చి ముందు వాడి ముందే పెట్టింది. వాడు మొహమాటపడకుండా తిన్నాడు. వాళ్లావిడ ఎంపిక చేసిన టైల్స్ ఇప్పుడు కాల్వకు రెండు పక్కలా ఉన్నాయి. రంగు నిజంగానే బాగుంది.

కానీ నాకది చాలలేదు. కాల్వ ఎంత లోతు తీసినా, చాయ్ మరగకముందే వచ్చే నీళ్లకు అది ఎన్నాళ్లు ఓపిక పడుతుంది? ఆ ఆదివారం నసీం, నేను బాపమ్మ పోయిన దారిన ఎగువకు నడిచాం. ప్రతి మలుపు దగ్గరా ఆగాం. ఊపిరి కోసమేనని మేం ఒప్పుకున్నాం, ఆ మేరకు మాది నిజాయితీగల తరం. దారంతా సిమెంటు, బండలు, పార్కింగు. మట్టి కనిపించింది ఒక్కచోటే, పాత కుంట అంచున ఒక ప్రైవేటు బడి ఆటస్థలం. అక్కడా సిమెంటు బిళ్లలు పేర్చి పెట్టి ఉన్నాయి, సెలవుల్లో పరుస్తారట. హెడ్‌మిస్ట్రెస్ నా పాత స్టూడెంట్ కాదు, అలాంటి అదృష్టాలు కథల్లోనే ఉంటాయి. "పిల్లల బూట్లకు బురద అంటుతోందని పేరెంట్స్ గొడవ మేడమ్" అంది. ఆమె బాధా నిజమే. నేను బ్యాగులోంచి బెల్లం ముక్క తీసి బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, కుర్చీ చూపించింది. కూర్చుని అన్నం కథ మొత్తం చెప్పాను. ఆమె ఆలోచిద్దాం అంది. ఆలోచిద్దాం అంటే మళ్లీ రమ్మని నేను అర్థం చేసుకున్నాను. మళ్లీ వెళ్లాను. మళ్లీ వెళ్లాం. మూడోసారో నాలుగోసారో వెళ్లినప్పుడు ప్యూను మమ్మల్ని చూసి లోపలికి, "బెల్లం మేడమ్‌లు వచ్చిన్రు" అని కేకేశాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నాకు అంతకంటే మంచి హోదా రాలేదు. ఆఖరికి గేటు నుంచి క్లాసుల దాకా నడవడానికి మాత్రం బిళ్లలు పరిచారు. మిగతా నేల మట్టిగానే ఉంచి, పల్లపు మూలలో ఒక గుంత తవ్వి గులకరాళ్లు నింపారు. చుట్టుపక్కల ఇళ్లకు మేమింకా తిరుగుతూనే ఉన్నాం. మిద్దె నీళ్లు గొట్టంతో రోడ్డు మీదికి వదలకండి, ఇంటి పక్క రెండడుగులు మట్టి ఉంచండి అని. ఒక కుర్రాడు, "ఆంటీ, మీకేం వస్తది దీనితోని?" అన్నాడు. "మీ నీళ్లు" అంది నసీం.

ఈ ఆషాఢంలో బోనాలకు వారం ముందు వాన పడింది. నేను అక్కడే ఉన్నాను. ఇప్పుడు మబ్బు పడితే అక్కడే ఉంటాను. నసీం కొడుకు ఫోన్ చేయగానే చాయ్ పెట్టాను. పాలు కదిలాయి, మరిగాయి, పొంగాయి. దించాను, వడగట్టాను, నాలుగు కప్పుల్లో పోశాను. రాజేందర్ కప్పు పట్టుకుని తూము పక్కన కూర్చున్నాడు. నసీం సగం తాగింది. అప్పుడు వచ్చాయి, మొదట కొంచెం నల్లగా, తర్వాత, నా కళ్లద్దాల సాక్షిగా, కొంచెం ఎర్రగా. వాన చిన్నది అక్కా, గందుకే లేటైంది అంటాడు రాజేందర్. కావచ్చు. ఒక్క కప్పు చాయ్‌తో ఏదీ రుజువు కాదని నేనే ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. అందుకే వచ్చే వానకు ఉప్మా రవ్వ తెచ్చి డబ్బాలో పోసి పెట్టాను. అన్నం దాకా వెళ్తామన్న ఆశ నాకు లేదు. ఉప్మా దగ్గర మాత్రం తగ్గేది లేదు.